బెజ్జం పడిన వెండి బిళ్ళ

చిరంజీవి పెద్దోడికి,

ముందు నా కడుపుమంట రాస్తాను, కుశలం తర్వాత. ఇన్నేళ్ళుగా కనిపించిన వాళ్ళందరికీ మా బాబాయి యుద్ధంలో ఫిరంగి పేల్చాడని చెప్పుకుంటున్నావు. నా తమ్ముడు ఫిరంగి పేల్చలేదురా. పటాలంలో వంట చేశాడు. ఫిరంగి దగ్గరి వాళ్ళు పస్తున్నారని తిండి గిన్నె మోసుకెళ్తూ గుండు తగిలి పోయాడు. వంటవాడంటే నీకు నామోషీ. నాకు కాదు.

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. మీ అమ్మకు మోకాళ్ళు పట్టేశాయి, నోరు మాత్రం బాగానే ఆడుతోంది.

నీ ఇంటికి రంగులు వేయిస్తూ నా దగ్గర దాచిన వెండి బిళ్ళ సంగతి అడిగావు. అదే, ఆ యుద్ధమై యాభై ఏళ్ళయిందని సర్కారు వేసిన నాణెం. డబ్బీ మూత తియ్యలేదు కదా, వేలు పెట్టలేదు కదా, ఆదివారం నాణేల ప్రదర్శనకు కావాలి అన్నావు.

మూత తీశాను. వేలూ పెట్టాను. కంసాలి దగ్గరికి తీసుకెళ్ళి బెజ్జం పెట్టమన్నాను.

"పెద్దాయనా, బెజ్జం పడితే సేకరించేవాళ్ళు దీని మొహం చూడరు. ఉత్త వెండి కిందే లెక్క" అన్నాడు.

"చూడొద్దనే పెట్టమంటున్నా. కానీయ్" అన్నాను.

తాడు గుచ్చి తెస్తే మీ అమ్మ దాన్ని మీ పిన్ని మెడలో వేసింది. అప్పట్లో యుద్ధం అయ్యాక పతకాలు పంచిన రోజున వంటవాళ్ళ పేర్లు ఎవరూ పిలవలేదు. ఆవిడ ఉత్త చేతులతో ఇంటికొచ్చింది.

బిళ్ళను కళ్ళ దగ్గర పెట్టుకుని, "బావగారూ, ఫిరంగి పక్కన ఈ మీసాలాయన ఎవరు?" అంది.

"ఎవడైతేనేం తల్లీ, వాడు తిన్నది నీ మొగుడు వండిందే" అన్నాను.

నవ్వింది. ఆ తర్వాత చాలాసేపు బిళ్ళను కొంగుతో రుద్దుతూ కూర్చుంది. నువ్వు చూసుంటే గుండె ఆగేది.

నీకు కోపమొస్తుంది. రానీ. కొత్తది కొనిస్తాననను, తప్పయిందనీ అనను. ఆదివారం నీ బిళ్ళ వస్తుంది, మీ పిన్ని మెడలో. పక్కన నేనుంటాను. ఈవిడెవరని నలుగురూ అడుగుతారు. మా బాబాయి పటాలంలో వంటవాడు, ఈవిడ ఆయన భార్య అని నీ నోటితోనే చెప్పాలి. నువ్వు నీళ్ళు నమిలితే నేను చెప్తాను. నా గొంతు ఎంత దూరం పోతుందో నీకు తెలుసు.

చెప్తావా, చెప్పవా? గురువారం లోపల జవాబు నా చేతిలో పడాలి.

ఇట్లు,
వంటవాడి అన్న,
నీ నాన్న