వరసలో చివరి మనిషి

అక్కా,

కుశల ప్రశ్నలు నువ్వొచ్చాక అడుగుతాను. ముందు రాగలవో లేదో చెప్పు.

మా వీధి పిల్లల్ని వరసగా నడిపించుకుని బడికి తీసుకెళ్తున్నానని చెప్పాను కదా. వరసకు ముందొకరు, వెనకొకరు పెద్దవాళ్ళు ఉండాలన్నది నియమం. వెనక నడిచే టైలరుగారి భార్యకు ఉద్యోగం దొరికింది. మిగతా తల్లుల్ని అడిగితే "నువ్వుండగా మాకేం భయం?" అని మెచ్చుకుని తలుపులేసుకున్నారు. నెల రోజులుగా ముందూ నేనే, వెనకా నేనే.

నిన్న పెద్దరోడ్డు దాటించి, అలవాటుగా తలలు లెక్కపెట్టాను. సరిపోయాయి. బడి గేటు దగ్గర టీచరమ్మ అడిగింది: "మీ పాప ఇవాళ రాలేదాండీ?"

నా లెక్కెప్పుడూ నాకు అప్పగించిన పిల్లలకే. మన పిల్ల ఎటూ నా వెంటే ఉంటుందని దాన్ని ఏనాడూ కలపలేదు. పరుగెత్తుకెళ్తే రోడ్డుకు అవతలే నిలబడి ఉంది. బూటు లేసు కట్టుకుంటూ ఆగిపోయిందట. మధ్యలో లారీలు వెళ్తున్నాయి. పెద్దవాళ్ళు లేకుండా దాటొద్దన్న మాట వినబట్టి సరిపోయింది. అది ఏడవలేదు. నేనే ఏడ్చాను.

మానేద్దామంటే, ఆ పిల్లలంతా ఒంటరిగా ఆ రోడ్డే దాటాలి. పరీక్షలయ్యేదాకా నువ్వొచ్చి వెనక నడిస్తే చాలు. నీకు కాళ్ళ నొప్పులని తెలుసు. మెల్లగానే నడుస్తాం.

ఇవాళ పొద్దున అది నా పక్కన నిలబడలేదు. వెళ్ళి టైలరుగారి కొడుకు చెయ్యి పట్టుకుంది. "ఇటు రావే" అంటే, "ఇవాళ నేను వాళ్ళింటి పిల్లని. లెక్కపెట్టు" అంది.

నీ చెల్లి