పెద్దకర్మ నాడు తీసిన అప్పు

శ్రావణ్,

అన్నం వండి పెట్టాను. చారు వేడి చేసుకో. రెండో సాంచాకు నూలు కండెలు గంపలో ఉన్నాయి, కరెంటు రాగానే మగ్గం నడుపు. నేను సిరిసిల్ల పోతున్నాను.

షెడ్డు మీద రేకులకు బ్యాంకు లోను ఎందుకు ఇవ్వలేదో తెలిసింది. నా క్రెడిట్ రిపోర్టులో నేను తీసుకోని నలభై వేల ఫోన్ యాప్ అప్పు ఉంది. ఒక్క కిస్తీ కూడా కట్టలేదు. ఏడాదికొకసారి ఆ రిపోర్టు ఉచితంగా చూసుకునే హక్కు ఉందని నెట్ సెంటర్ వనజ తీసి ఇచ్చింది.

అప్పు తేదీ నిన్ను కన్న మీ అవ్వ పెద్దకర్మ రోజు. ఆ పొద్దున పిండం పెట్టడానికి వాగులోకి దిగుతూ నా ఫోన్ నీ చేతికిచ్చాను. గట్టు మీద తల వంచుకుని ఫోన్ చూస్తుంటే, అవ్వ ఫొటో చూసుకుంటున్నావనుకున్నాను.

వనజ అన్నది: “కాకా, గీ అప్పు నాది కాదని రాసిస్తే రిపోర్టు కంపెనోళ్లు నెల రోజుల్ల తేల్చాలె. ఆలస్యం చేస్తే దినానికి వంద రూపాయలు నీకే ఇయ్యాలె. గనీ గా రోజు ఫోన్ ఎవ్వల చేతిల ఉండెనో అడుగుతరు. ఎరుకేనా?”

నిన్న జవాబు చెప్పలేదు. ఇవాళ చెబుతాను.

బాపు

ఒంటి గంట దాకా వనజ నెట్ సెంటర్ ముందు కూర్చుంటాను. వస్తే రా. వచ్చినా ఫిర్యాదు ఆగదు. నీ పేరు నువ్వే చెప్పుకుంటే, నా నోటితో చెప్పే పని నాకు తప్పుతుంది.