బియ్యం బోర్డు వెనక పాదాలు

హయూయా కొండల్లోని లా ఫ్రియా వాడలో పుట్టి, అక్కడే ముసలిదాన్నయిన ఎర్మీనియా కొయాసో రెంతాస్ అనే నేను, నా వంటింటి బల్ల దగ్గర కూర్చుని నా స్వహస్తంతో రాస్తున్న వీలునామా ఏమనగా:

నా మతి స్థిమితంగానే ఉంది. అనుమానముంటే డాక్టరు గారిని అడగండి. మొన్న ఆయన నా రక్తపోటు చూస్తుండగా, ఆయన చొక్కా గుండీ పక్క కాజాలో పెట్టుకున్న సంగతి నేనే చెప్పాను. దీన్నిబట్టి నా కళ్ళు కూడా బాగున్నట్టే లెక్క. మోకాళ్ళకు మాత్రం హామీ ఇవ్వలేను. నన్నెవరూ బలవంతపెట్టలేదు. మేనల్లుడు అమీల్కార్ కొంత ప్రయత్నించాడు గాని, నన్ను బలవంతపెట్టి నెగ్గేవాళ్ళు ఈ వాడలో ఇంకా పుట్టలేదు. నా డాన్సు హాలును గతంలో అతని పేర రాసిన కాగితం ఇందుమూలంగా రద్దయింది.

వాడంతా ఒక్క సంగతి కోసం చెవులు రిక్కించుకుని ఉందని నాకు తెలుసు. హాలు ఎవరికి పోతుంది, ఇకముందు అందులో ఎవరి అడుగు పడుతుంది అని. అది చివర్లో వస్తుంది. ఓపిక పట్టండి.

1. ఈ వీలునామాను అమలు జరపవలసినవారు వకీలు మిగ్దాలియా గారు. నిజాయితీపరురాలు. నాట్యం మాత్రం రాదు, ఎవరితో ఆడినా పెదవులతో లెక్కపెట్టుకుంటుంది. ఆమె శ్రమకు గుర్తుగా నా కాఫీ తిరగలిని, క్రిస్మస్‌కు పస్తేలెస్ ఉడికించే పెద్ద గిన్నెను ఆమెకు ఇస్తున్నాను. అరటాకు పొట్లాలు కట్టడం నా దగ్గరే నేర్చుకుంది. నాట్యం కంటే అది త్వరగా వచ్చింది.

2. దోన్ సిక్స్తో గారి కొట్లో ఉండి, ఆయన పోయాక నాకు దక్కిన పాత టీవీ పెట్టెను మా వాడ బడికి ఇస్తున్నాను. అది పనిచేయదు. బాగుచేయించవద్దు. పిల్లలకు చూపించి, ఈ కింది సంగతి చెబితే చాలు.

నా చిన్నతనంలో వాడకంతటికీ అదొక్కటే టీవీ. మధ్యాహ్నం రాజధాని సాన్ హువాన్ నుంచి పాటల కార్యక్రమం వచ్చేది. కాఫీ పండ్లు కోసేవాళ్ళు బుట్టలు దించి కొట్టుకు పరుగెత్తుకొచ్చేవాళ్ళు. మాకు అప్పటిదాకా వాల్ట్జులు, మజుర్కాలనే పాతకాలపు జంట నాట్యాలు, పండక్కి తాతలు వాయించే తీగవాద్యాలు తెలుసు. ట్రాంబోన్ బాకాలతో, డప్పులతో ఒళ్ళంతా లాగేసే ఈ కొత్త సంగీతం మాకు ఆ పెట్టెలోంచే వచ్చింది. దానికి సల్సా అనే పేరు తర్వాతెప్పుడో వచ్చింది. వాద్యగాళ్ళ ముందు కొందరు అమ్మాయిలు ఆడేవాళ్ళు. ఆ అమ్మాయిల ముందు, ఖర్చు భరించిన కంపెనీవాళ్ళ బోర్డు ఒకటి అడ్డంగా నిలబెట్టి ఉండేది. ‘లా కొమాద్రే బియ్యం’ అని రాసి, ఒక లావుపాటి ఆవిడ నవ్వుతున్న బొమ్మ. నడుం కింద నుంచి ఆ అమ్మాయిలు మాకెప్పుడూ కనిపించలేదు.

భుజాలు కనిపించేవి, మెడ విసురు కనిపించేది. కాళ్ళు ఏం చేస్తున్నాయి? నాకు తిండి సయించేది కాదు. ఒకరోజు ఉప్పుచేపల పెట్టె ఎక్కాను. పైనుంచి తొంగిచూస్తే బోర్డు అవతలి వైపు కనిపిస్తుందనుకున్నాను. పెట్టె విరిగి చేపల్లో పడ్డాను. “ఓసి పిచ్చిమొహమా, టీవీలోకి తొంగిచూస్తే కనపడటానికి అదేమన్నా నుయ్యా?” అన్నారు దోన్ సిక్స్తో. కొట్టంతా గొల్లుమంది. కాని ఆ మర్నాడు, ఎవరూ లేరనుకుని, ఆయనే ఒక స్టూలెక్కి చూడటం నేను చూశాను.

3. మా వాడ అడుగు గురించి. ఇది ఆస్తేనా అని వకీలు గారు అడిగారు. నా దృష్టిలో ఇదొక్కటే ఆస్తి.

డప్పు మీద ప్రతి నాలుగో దెబ్బకు ఆ అమ్మాయిలు కుడి భుజాన్ని కిందికి దించేవాళ్ళు. దాన్నిబట్టి కాళ్ళ సంగతి ఊహించాం. మడమను నేలకు రాసి వెనక్కి లాగుతున్నారని నేనన్నాను. కాదు, కుడికాలిని ఎడమకాలి వెనక మెలివేస్తున్నారని మా చెల్లి ఒబ్దూలియా అంది. వాడ రెండుగా చీలింది. ఇటు మడమవాళ్ళు, అటు మెలికవాళ్ళు. పెళ్ళి సంబంధాలకు వెళ్ళినప్పుడు “మీరు మడమా, మెలికా?” అని అడిగి మరీ కాఫీ తాగేవాళ్ళు. నవ్వులాటగానే అనుకోండి, అయినా కాఫీ కప్పు పట్టుకుని జవాబు కోసం ఆగేవాళ్ళు.

ఒక ఏడు పండగనాడు, చర్చి ముందు, మైకు చేతికి దొరికేసరికి ఒబ్దూలియా ఊరందరి ముందూ అంది: “మా అక్కది డాన్సంటారేంట్రా? చెప్పుకంటిన పేడ గట్టున రాసుకోవడం అది!” నేనూరుకున్నానా? “నీది మాత్రం ఏంటే? తోక తొక్కుకున్న కుక్క తిరిగినట్టు తిరుగుతావు!” అన్నాను. ఆమె మాటకు ఊరు నవ్వింది, నా మాటకు నవ్వలేదు. ఆ రోజు నుంచి మా మధ్య మాటల్లేవు. అమ్మ పోయినప్పుడు కూడా శవపేటిక అటు చివర ఆమె, ఇటు చివర నేను. అయినా ఆదివారం వచ్చేసరికి వెనక తలుపు గుండా నా హాల్లోకి వస్తుంది, ఆ చివర ఆడుతుంది, వెళుతుంది. వద్దని నేనెన్నడూ అనలేదు. రావద్దంటే ఎక్కడ మానేస్తుందోనని భయం.

4. నా ఎర్ర బూట్లు యారిత్సాకు. బడి బస్సు నడిపే ఈ అమ్మాయికి నా కొలతే. తుఫానుకు హాలు కప్పు ఎగిరిపోయాక, సాన్ హువాన్ నుంచి టీవీవాళ్ళు మా అడుగు చూడటానికి వచ్చారు. కొండ కింద ఎక్కడా లేని అడుగు ఇక్కడెలా పుట్టిందని వాళ్ళకు వింతట. నేను జుట్టు ముస్తాబు చేయించుకున్నాను, పెదవులకు రంగు వేసుకున్నాను. తీరా కార్యక్రమం వచ్చాక చూస్తే, మొదటి నుంచి చివరి దాకా పాదాలే చూపించారు! ఒక్క మొహం లేదు. “ఆ బూట్లు నావేనని ఎవరు నమ్ముతారు?” అని నేను లబోదిబోమంటే, “పోనీలే దోన్యా ఎర్మీనియా, అప్పుడు కాళ్ళు దాచారు, ఇప్పుడు తలకాయలు దాచారు. రెండూ కలిపితే ఓ మనిషవుతుంది” అంది యారిత్సా. ఆ మాటకే ఈ బూట్లు.

5. మేనల్లుడు అమీల్కార్‌కు నా కాఫీ తోటను, అందులోని నారింజ చెట్లతో సహా, సర్వహక్కులతో ఇస్తున్నాను. అతను బయమోన్‌లో డాన్సు స్కూలు నడుపుతాడు. పోటీల్లో గెలిచిన కప్పులు పెట్టుకోవడానికి ఇల్లు చాలడం లేదు. “అత్తా, మీరాడేది సల్సానే కాదు. హాలు నాకివ్వు, ఈ కొండవాళ్ళ కాళ్ళన్నీ సరిచేస్తా” అంటాడు. పిల్లాడు చెడ్డవాడు కాదు. సరిచేయడమంటే పిచ్చి, అంతే. మా చెల్లిదీ నాదీ ఇద్దరిదీ తప్పని రుజువు చేద్దామని, ఆ పాత కార్యక్రమంలో ఆడిన ఒకావిడను ఎక్కడో సాంతుర్సేలో వెతికి పట్టుకున్నాడు. ఈ ఏటి ఈస్టర్ ముందు ఉపవాస దినాల్లో నన్ను కారులో ఎక్కించుకుని తీసుకెళ్ళాడు. అక్కడేం జరిగిందో చెప్పమని వాడంతా నన్ను పీక్కుతింటోంది. చెబుతున్నాను.

6. ఆవిడ పేరు నెరేయిదా. నాకంటే పెద్దది, మనిషి సన్నం, గొంతు మాత్రం బజారంత. వంటింట్లో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చింది. ఆ బోర్డు వెనక కాళ్ళతో ఏం చేసేవారమ్మా అని అడిగాను.

“కాళ్ళా? కాళ్ళెక్కడివమ్మా! ఆ బోర్డు వెనక జానెడు చోటు. కిందంతా తీగలు. కదిలితే బోర్లా పడాల్సిందే. చెప్పులిప్పేసి, పలక మీద మేకు కొట్టినట్టు నిలబడేవాళ్ళం. పైన భుజాలాడించేవాళ్ళం. అంతే!”

మరి నాలుగో దెబ్బకు భుజం దించేవారు కదా అన్నాను.

“దించకపోతే తల పగిలేది! మా వెనక ట్రాంబోనాయన నాలుగో దెబ్బకి గొట్టం ఇంత పొడుగు చాపేవాడు. ఓసారి నా జడలో ఇరుక్కుంది కూడాను.”

అమీల్కార్ బల్ల చరిచి నవ్వాడు. “చూశావా అత్తా! ఏమీ లేదు! ఇన్నేళ్ళూ మీరు కొట్టుకున్నది ఏమీ లేనిదాని కోసం!” ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా.

నెరేయిదా మాత్రం నవ్వలేదు. కుర్చీ నా దగ్గరికి జరుపుకుంది. “ఉండు బాబూ, నువ్వాగు. ఏమ్మా, అయితే ఆ కాళ్ళు ఏం చేస్తున్నాయనుకున్నారు మీరు? లేచి చూపించు” అంది. నా మడమ అడుగు చూపించాను. తర్వాత, ఎందుకో తెలియదు, ఒబ్దూలియా మెలిక కూడా వేయబోయాను. జన్మలో అది మొదటిసారి. సగంలో ఆగిపోయాను. నెరేయిదా గిన్నెలు తోమే తొట్టి అంచు పట్టుకుని లేచి, ముందు మడమ వేసింది, తర్వాత మెలిక ప్రయత్నించింది. అమీల్కార్ నవ్వు మానేసి ఆవిడ మోచేయి పట్టుకున్నాడు. “అయ్యో, ఇదా మేం ఆడింది! ఎంత బాగుంది! నాకెవరూ చెప్పలేదే!” అంది ఆవిడ. మేం బయల్దేరేదాకా ఆడుతూనే ఉంది. తిరుగుదారిలో అమీల్కార్ పాటలు కూడా పెట్టలేదు.

కాబట్టి వాడవాళ్ళందరికీ తెలియజేయడమేమనగా, మడమా తప్పే, మెలికా తప్పే. అక్కడ ఏ అడుగూ లేదు. ఉన్న అడుగులు రెండూ మనవే.

7. హాలు. చెక్కుబందీ: తూర్పున దోన్ సిక్స్తో కొట్టు (ఇప్పుడు మందుల షాపు), దక్షిణాన వాగు, పడమట ఒబ్దూలియా పెరడు, ఉత్తరాన రోడ్డు. ఈ మధ్య గల చెక్క నేల, రేకుల కప్పు, పాటల పెట్టె, బెంచీలు సమస్తమూ నా తదనంతరం నా చెల్లెలు ఒబ్దూలియాకు చెందుతాయి. నేల చెక్కలు మార్చరాదు. మామూలు రోజుల్లో అమీల్కార్ తన పోటీల సల్సా నేర్పుకోవచ్చు, అద్దె అక్కర్లేదు. ఆదివారం మాత్రం హాల్లో మడమ, మెలిక రెండూ నేర్పాలి. అమీల్కార్ కూడా వచ్చి వరసలో నిలబడి నేర్చుకోవాలి. ఒప్పుకుంటానని అతను నాకు మాటిచ్చాడు.

8. ఇది ఒబ్దూలియాకు. వకీలు గారు చదవక్కర్లేదు.

వీలునామాలు మనిషి పోయాక విప్పుతారు. దీని నకలు మాత్రం సిరా ఆరగానే నీకు పంపిస్తున్నాను. నెరేయిదాకు నీ మెలికే ఎక్కువ నచ్చింది. “ఆ రెండోది మళ్ళీ చూపించమ్మా” అని ఎన్నిసార్లో అడిగింది, నేను చూపించలేకపోయాను. కుడికాలు వెనక్కి తిప్పాక బరువు ఎక్కడ మోపుతావే? మునివేళ్ళ మీదా, పాదం అంచు మీదా? ఇన్ని ఆదివారాలు జనం మీంచి నీ వైపే చూస్తూ ఆడాను. నీకు తెలియదు. నువ్వేమో ఎప్పుడూ నేల జీరాడే గౌన్లే వేస్తావు, ఏమీ కనపడదు.

నేను పోయాక హాలు ఎలాగూ నీదే. కాని అప్పుడు చూపించి లాభం లేదు. రేపే రా. ముందు తలుపు నుంచి రా. గౌను మోకాళ్ళ దాకా ఎత్తిపట్టుకుని, నెమ్మదిగా చూపించు. నాకు నేర్చుకోవాలని ఉంది.

2019 మే 19, ఆదివారం, లా ఫ్రియా.

(సంతకం) ఎర్మీనియా కొయాసో రెంతాస్

సాక్షులు:
1. బెనిత్సా ఓర్తెగా, మందుల షాపు యజమానురాలు (మెలిక)
2. ఫ్రొయిలాన్ మతోస్, చర్చి గంట కొట్టే ఆయన (మడమ)