ముత్తు కళ్ళు

ఆదివారం రాత్రి

కోడిగీతల రాత, తప్పులూ ఉంటాయి, మన్నించాలి. నేను చదివింది ఐదో క్లాసు వరకే.

మా తెల్లకుక్క ముత్తుకు చీకటి పడితే చూపు ఆనడం లేదు. ఈరోజు డాక్టరు చూసినాడు.

"ఇది తల్లిదండ్రుల నుంచి వచ్చిన జబ్బు. తెల్లజాతి చెడకూడదని ఒకే ఇంటి కుక్కల్నే జత కట్టినారు కదా? చూపు పూర్తిగా పోతుంది" అన్నాడు.

మనుషులకూ అంతేనా అని అడగాలనిపించింది. అడక్కుండానే ముత్తును ఎత్తుకుని వచ్చేసినాను. నేను చేసుకున్నది మా అమ్మ తమ్ముణ్ణే, ఇప్పటికీ మామ అనే పిలుస్తాను. నెల తప్పిన సంగతి ఆయనకింకా చెప్పలేదు.

ఇంటికొచ్చాక మామ ముత్తును ఒళ్ళో పెట్టుకుని, "చూపు పోతే పోనీ పుళ్ళే, ఇంట్లో సామాను మాత్రం జరపొద్దు, దానికి దారి తెలియాల. ఇది మన బిడ్డ కదా" అన్నాడు. పుళ్ళే అనేది నన్ను ముద్దుగా పిలిచే పిలుపు.

భయం పోలేదు గానీ మనసు నెమ్మదించింది. రేపు చెబుతాను. అంతకుముందే ఈ పేజీ ఎవరికైనా దొరికితే పొయ్యిలో వేసేయండి.