చదివి పెట్టిన సంతకం

నాన్నా,

ఇవాళ బందరులో నా పాన్ కార్డు పోస్టులో వచ్చింది, పన్ను కట్టేవాళ్ళందరికీ కొత్తగా ఇస్తున్న కార్డు. నువ్వుంటే, పెడనలో నువ్వు అచ్చు వేసిన గుడ్డను చూసుకున్నట్టు, దీన్నీ వెలుగులో తిప్పి తిప్పి చూసేవాడివి.

"చదవకుండా సంతకం పెట్టకమ్మా" అనేవాడివి, చదువు రాని నువ్వు. ఎమ్మే చదివి కాలేజీలో పాఠాలు చెప్పే నేను మాత్రం ఇన్నేళ్ళూ పన్ను కాగితాల మీద మా ఆయన పెన్సిల్‌తో టిక్కు పెట్టిన చోటల్లా సంతకం పెట్టాను. జీతంలో పన్ను ఎంత కోస్తున్నారో అడగలేదు. అది నమ్మకమో, బద్ధకమో ఇప్పటికీ తేల్చుకోలేను.

ఈ ఏడు ఆయనకు కంటి ఆపరేషనయింది. కాగితాలు నేనే చూసుకుంటానన్నాను. కార్డు దరఖాస్తులో ఆయన పేరు రాస్తే కాలేజీ గుమస్తా నవ్వాడు.

"మీవారిది కాదు మేడమ్, నాన్నగారి పేరండీ."

"పెళ్ళయి ఇరవయ్యేళ్ళయిందండీ!"

"అయితే మాత్రం నాన్నగారు మారతారా అండీ?"

కొట్టేసి నీ పేరు రాశాను. ఇంగ్లీషులో దాన్ని రాసి ఎన్నేళ్ళయిందో.

ఏటా పన్ను లెక్క చూపించే రిటర్ను కూడా నేనే నింపాను. పోస్టాఫీసు పొదుపు చూపిస్తే, కోసిన పన్నులో కొంత వెనక్కి వస్తుందట. ఎక్కడైనా తప్పు చేశానేమో తెలియదు. ప్రతి గడీ చదివానన్నది మాత్రం నిజం.

కార్డు మీద నా పేరు కింద నీ పేరుంది. అట్టడుగున నా సంతకం. చదివే పెట్టాను.