పోటు గేటు హ్యాండిలు ఇప్పించుట గురించి

పురపాలక కమిషనర్ గారి సముఖమునకు, కాలువ చివరి వీధి కాపురస్తుడు, విశ్రాంత గేటు కాపరి వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: సముద్రపు నీరు నా ఇంట చొరబడుట – గేటు హ్యాండిలు కోరుట.

1. మా వీధి కాలువ సముద్రంలో కలిసేచోట ఇనుప గేటు కలదు. పోటుకు ముందు హ్యాండిలు తగిలించి తిప్పి దించవలెను, ఆటుకు ఎత్తవలెను. ముప్పై ఒక్క సంవత్సరములు ఆ పని నేనే చేసియున్నాను.

2. పదవీ విరమణ నాడు హ్యాండిలుకు నూనె రాసి, గుడ్డ చుట్టి, ఆఫీసులో అప్పగించి రసీదు పొందితిని. నా బుద్ధి గడ్డి తిన్నది. నా స్థానంలో ఎవరినీ వేయలేదు. హ్యాండిలు బీరువాలో భద్రముగా ఉన్నది, గేటు ఎత్తినది ఎత్తినట్టే ఉన్నది.

3. కావలసినప్పుడు అర్జీ పెట్టి తీసుకొమ్మన్నారు. పెద్ద పోటు వచ్చేది తెల్లవారుజామున, ఆఫీసు తెరిచేది పదింటికి. ముందురోజే ఇమ్మంటే సాయంత్రంలోగా తిరిగి ఇవ్వాలని రూలట. గుమాస్తా గారు, "తాతగారూ, సముద్రాన్నే కాస్త పదిన్నరకి రమ్మనండి" అన్నారు. ఏడవలేక నవ్వితిని.

4. నా భార్యకు పక్షవాతం, పడుకున్నచోటి నుంచి నేల కనబడదు. మాది కింది గది. మంచం కోళ్ళ కింద మొదట రెండేసి ఇటుకలు పెట్టితిని, ఇప్పుడు నాలుగేసి. ఇంకొకటి పెడితే ఆమెను ఎత్తి కుర్చీలోకి దించే బలం నా నడుముకు లేదు. "మంచం ఇంత ఎత్తెందుకండీ?" అంటే, గాలి బాగా వస్తుందన్నాను. "ఏదో తడి వాసనొస్తోంది" అంటే, "ఇప్పుడే తుడిచానే" అన్నాను. ఆ మాట అంటున్నప్పుడు నేను మోకాలి లోతు నీళ్ళలో నిలబడి ఉన్నాను. భయమేస్తోందయ్యా.

కావున సదరు హ్యాండిలు నా వద్దనే ఉంచుకొనుటకు అనుమతి దయచేయించవలెనని వేడుకొనుచున్నాను. చిత్తగించవలెను.

తమ విధేయుడు,
గేటు తాత

తా.క.: ఈ అర్జీకి ముద్ర కోసం గుమాస్తా గారు లోపలి గదికి వెళ్ళారు. బీరువా తెరిచే ఉంది. హ్యాండిలు ఇప్పుడు నా సంచిలో ఉంది. దాని చోట నా పాత రసీదు పెట్టాను. ఆయన్ని ఏమీ అనకండి, పిల్లలు గలవాడు. రేపు పోటు ఐదూ నలభైకి. పోలీసులను పంపదలిస్తే గేటు దగ్గరకే పంపండి, అక్కడే ఉంటాను. ఇంటికి మాత్రం పంపకండి. మా ఆవిడ నేల పొడిగానే ఉందనుకుంటోంది.