వేటాడినవాళ్ళు వండకూడదు

ట్రాయ్, మిషిగన్
ఆగస్టు 17, 2025

ప్రియమైన బావమరిది కోదండపాణికి,

ఆశీస్సులు. ఫోన్ చేయకుండా కాయితం పట్టుకున్నాడేమిటా అని కంగారు పడకు. ఫోన్లో అయితే మీ అక్క స్పీకర్ పెట్టమంటుంది, ఆ తర్వాత నా తరఫున కూడా తనే మాట్లాడుతుంది. ఇక్కడ అందరం కులాసా, నా కుడి భుజం తప్ప.

జూన్‌లో ఆపరేషన్ అయిందా, మొన్న డాక్టరు చేయి ఎత్తించి, దించి, "విల్లు సంగతి ఈ ఏడాదికి మర్చిపోండి, వచ్చే ఏడాది కూడా ఆశ పెట్టుకోకండి" అని చల్లగా చెప్పాడు. నలభై అయిదు పౌండ్ల బిగువున్న విల్లు లాగిన భుజం, ఇప్పుడు పాల గ్యాలన్ ఎత్తమంటే ఆలోచిస్తోంది. వేటకు తోడుండే నువ్వా, ఉద్యోగం మారి ఇర్వింగ్ వెళ్ళిపోయావు.

నాకు ఫిజికల్ థెరపీ చేసే భవిత తెలుగమ్మాయే. "అంకుల్, క్రాస్‌బో ట్రై చేయొచ్చు కదా, ట్రిగ్గర్ నొక్కితే చాలు" అంది. ఆ పిల్ల మీద కోపం తెచ్చుకోలేక నవ్వి ఊరుకున్నాను. క్రాస్‌బో అంటే తుపాకీకి పిన్నికొడుకు. పొద్దున్నే నారి బిగించేసి, జింక వచ్చినప్పుడు వేలితో వదిలేయడం ఒక వేటా? విల్లయితే జింక ఎదురుగా ఉండగానే లాగాలి. లాగేది కంటబడకుండా, అది తల చెట్టు చాటుకు పెట్టేదాకా ఆగాలి. లాగి పట్టుకుంటే చేయి వణుకుతుంది. ఆ వణుకే మనం జింకకిచ్చే అవకాశం.

విల్లుతో వెళ్ళలేకపోతే అసలు వెళ్ళను. ఈ మాట రాస్తుంటే దుఃఖం ఆగడం లేదు పాణీ. ఏడాదంతా ఆఫీసులో కార్ల బ్రేకుల టెస్టింగ్ చేసేది అక్టోబర్ అడవి కోసమేనని ఇప్పుడు తెలుస్తోంది.

మీ అక్క మాత్రం హాయిగా ఉంది. "ఈ ఏడాది నాకు వంట తప్పింది" అంటోంది. నేను పెట్టిన రూలే కదా, వేటాడినవాళ్ళు ఆ కూర వండకూడదని. ఇన్నేళ్ళూ నేను సోఫాలో, తను పొయ్యి దగ్గర.

ఇట్లు,
విల్లు గోడకు తగిలించిన మీ బావ,
భీమశంకరం

*

ఇర్వింగ్, టెక్సస్
సెప్టెంబర్ 6

ప్రియమైన బావగారికి,

నమస్కారాలు. మీ ఉత్తరం ఆఫీస్ పార్కింగ్‌లోనే చదివేశాను. అడవిలో నోరు మూసుకుని కూర్చోవడం నాకు మీరే నేర్పారు. అది మా అమ్మ వల్లే కాలేదు. మీరు అడవికి వెళ్ళకపోతే నాకిక్కడ అన్నం సయించదు.

మా టీమ్‌లో రోహన్ అని ఒకతను క్రాస్‌బోతో వేటాడతాడు. అతనితో గురి ప్రాక్టీస్ చేసే రేంజ్‌కి వెళ్ళి నేనూ వేసి చూశాను. మీరనుకున్నంత తేలిక కాదు బావగారూ. ఎత్తితే చంటిపిల్లంత బరువు. మీ విల్లు గుసగుసలాడితే ఇది తలుపు ధడాలున వేస్తుంది. మొదటి బాణం తప్పితే, మళ్ళీ పిడి తిప్పి నారి బిగించేలోపు జింక పక్క కౌంటీలో ఉంటుంది. గాలి ఎటు వీస్తోందో అది చెప్పదు, ఆకుల చప్పుడు వినిపించుకోదు. నారిని పట్టుకోవడం ఒక్కటే దాని పని. మిగతా వేటంతా మనిషే చూసుకోవాలి.

సరే, దాచడమెందుకు. ఒక క్రాస్‌బో పంపుతున్నాను, వారంలో వస్తుంది. తిట్టుకోండి. మీరు దాన్ని ముట్టుకోనక్కర్లేదు, ఇంట్లో ఉంటే చాలు. వెనక్కి మాత్రం పంపారో, అక్క మీద ఒట్టే.

ఇట్లు,
తిట్ల కోసం చెవులు సిద్ధం చేసుకున్న మీ బావమరిది,
పాణి

*

ట్రాయ్
అక్టోబర్ 4

ప్రియమైన పాణికి,

పేరేమో కోదండపాణి, పంపేదేమో క్రాస్‌బో. మీ నాన్నగారు అంత మంచి పేరు పెట్టి దండగ చేశారు.

పెట్టె గరాజ్‌లో పడేయించాను. మొన్న దసరాకి మీ అక్క ఆయుధపూజలో నా విల్లు, లాప్‌టాప్, కారు తాళాలతో పాటు దాన్నీ పెట్టింది. పసుపు, కుంకుమ, గంధం, ఇల్లంతా సాంబ్రాణి పొగ. గురి చూసే అద్దానికి కూడా బొట్టు పెట్టేసింది. అందులోంచి చూస్తే మా వీధంతా ఎర్రగా ఉంది.

ముట్టుకోకూడదు అనుకున్నవాణ్ణి, చూడలేక అరిచాను. "ఆ సాంబ్రాణి వాసన తగిలితే మైలు దూరంలో ఒక్క జింక నిలబడదు! ముక్కుతో బతికే ప్రాణి అది."

"మరి వాసన ఎలా పోతుందండీ?" అంది.

చెప్పాను. వాసన లేని సబ్బుతో తుడవాలని, ఇంటి వెనక డెక్ మీద గాలికి వదిలేయాలని, వేసుకునే బట్టలు ఎండుటాకుల్లో పెట్టాలని. అక్కడితో ఆగిందా? గాలి ఎటునుంచి ఉండాలి, ఎంత దూరంలో వేయాలి, జింక ఎటు తిరిగి ఉండాలి... కాఫీ చల్లారిపోయినా వదల్లేదు. పెళ్ళయ్యాక నా మాట అంతసేపు వినడం ఇదే మొదలు. నన్ను మరిపించడానికే అడుగుతోందని నాకు తెలుసు. అయినా బాగుంది పాణీ, మనసు తేలికపడింది.

ఈమధ్య ప్రతి శనివారం గుడికి వెళ్తోంది. నా భుజం కోసం ఏదో మొక్కినట్టుంది. ప్రసాదం మాత్రం ఒక్కసారీ తేవడం లేదు.

ఇట్లు,
ఇప్పటికీ విల్లు పక్షమే అయిన మీ బావ,
భీమశంకరం

*

ఇర్వింగ్
అక్టోబర్ 19

ప్రియమైన బావగారికి,

దీపావళి శుభాకాంక్షలు. ఇక్కడ ప్రాజెక్టు పీకల మీదుంది, ఈ నెలంతా కదలలేను. అందుకే ఒక్క మాట రాసి పోస్ట్ చేసేస్తున్నాను.

అక్క కారు తీయమంటే తీయండి. ఎక్కడికని అడగకండి. ఆపరేషన్ మీ భుజానికే అయింది, కళ్ళూ చెవులూ బాగానే ఉన్నాయి కదా.

ఇట్లు,
ఇంతకన్నా చెప్పకూడని మీ
పాణి

*

ట్రాయ్
నవంబర్ 9, ఆదివారం

ప్రియమైన దొంగ బావమరిదికి,

మీ అక్క జింకని కొట్టింది.

నిన్న చీకటితోనే లేపి కారు తీయమంది. వెనక సీట్లో నీ క్రాస్‌బో. తన జాకెట్ నిండా ఎండుటాకుల వాసన. నేను నోరు తెరిచేలోపు పర్సులోంచి వేట లైసెన్స్ తీసి చూపించింది. గుడి అన్న శనివారాలన్నీ హంటర్ సేఫ్టీ క్లాసూ, రేంజూనట. ఆ క్రాస్‌బో నాకోసం కాదనీ, తనే నీకు ఫోన్ చేసి తెప్పించుకుందనీ దార్లో చెప్పింది.

"మీరు వేయనంటే వేయకండి. నేను వేస్తా. కోర్స్ పాసయ్యా, ప్రాక్టీస్ చేశా. కానీ నాకు అడవి తెలీదు. పక్కన కూర్చుని చెప్పేవాళ్ళు కావాలి. రోడ్డు చూసి డ్రైవ్ చేయండి, నన్ను కాదు" అంది.

మన పాత చోటే, వాగు పక్కన గుడారం వేశాం. గాలి మా ముఖాల మీదికే వస్తోంది. ముందు విన్నది నేనే, ఎండుటాకుల మీద అడుగుల చప్పుడు. తన మోకాలి మీద వేలితో తట్టాను. మంచి ఆడజింక, ముప్పై గజాల్లో మాకెదురుగా నిలబడింది. తను ఎత్తింది. "ఆగు" అన్నాను. ఆ దూరం క్రాస్‌బోకి లెక్క కాదు, కానీ జింక పక్కకు తిరగలేదు. మీ అక్క ఆగింది. అది మేస్తూ, తలెత్తుతూ, ఇంకా దగ్గరికి వచ్చేదాకా ట్రిగ్గర్ పక్కనే వేలుంచింది. చేతులు వణుకుతున్నాయి. అవును పాణీ, వణుకే. నారిని ఎవరు పట్టుకున్నా వణుకు మనిషిదే. జింక తిరిగింది. "ఇప్పుడు" అన్నాను. నువ్వు రాసినట్టే తలుపు ధడాలుమంది.

అది వాగు దాటకుండానే పడిపోయింది. మీ అక్క దాని మెడ మీద చెయ్యి వేసి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. తర్వాత ఇద్దరం ఫ్లాస్కులో కాఫీ తాగాం. విల్లు మీద నా అభిప్రాయం మారలేదు, రాసి పెట్టుకో. కానీ భుజం పోతే అడవి పోయినట్టే అనుకున్నానా, నిన్న ఎక్కడికీ పోలేదు. చాలా సంతోషంగా ఉంది.

అసలు సంగతి ఇప్పుడు విను. ఇవాళ మీ అక్క సోఫాలో కాళ్ళు చాపుకుని కూర్చుంది. వంట సంగతి ఎత్తితే "రూల్ ఎవరు పెట్టారండీ?" అంది. నేనీ ఉత్తరం వంటింట్లోంచి రాస్తున్నాను. మాంసం మజ్జిగలో ఎంతసేపు నానాలో చెప్పదట. అల్లం వెల్లుల్లి ముందో, ఉల్లిపాయ ముందో కూడా చెప్పదట. నా లెక్కన అన్నీ ఒకేసారి వేసేశాను. నీకు తెలిస్తే వెంటనే రాయి, వచ్చేసారికైనా పనికొస్తుంది. వచ్చేసారి ఉందని మీ అక్క అప్పుడే చెప్పేసింది.

ఇదిగో, సోఫాలోంచి కేక వినిపిస్తోంది. "ఏమండీ, గాలి ఇటే వీస్తోంది! కూర అడుగంటుతోంది చూసుకోండి!"

ఉంటాను.

ఇట్లు,
ఎడంచేత్తో గరిటె తిప్పుతున్న మీ బావ,
భీమశంకరం